ట్రాక్ మీద పడ్డాక: ముందు మణికట్టు, తర్వాతే బండి

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకి (రేసు ట్రాక్ మీద డబ్బు కట్టి సొంత బండి నడుపుకునే రోజు) వెళ్లి పడినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాలు ఈసారి ఎక్కువ వచ్చాయి. అందుకే శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. ఒళ్లు గురించి అడిగినవి ముందు, బండి గురించి అడిగినవి తర్వాత.

ప్రశ్న: మూడు వారాల క్రితం ట్రాక్ డేలో నా కేటీఎం బండి ఆర్‌సీ 390 ముందు చక్రం జారి, ఎడమ చెయ్యి ఆన్చి భుజం మీద పడ్డాను. కాలర్ బోన్ మధ్యలో విరిగింది. ఎముక పెద్దగా పక్కకి జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదని స్లింగ్ వేశారు. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. ఎడమ బొటనవేలి మొదట్లో మాత్రం సలుపుగా ఉంటోంది. ఆరోజు ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇంకో అయిదు వారాల్లో మళ్లీ ట్రాక్ డే ఉంది, డబ్బు కట్టేశాను. వెళ్లొచ్చా? అమ్మ నాటు కట్టు కట్టిద్దామంటోంది.
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఆ ట్రాక్ డే వదిలేయండి. కట్టిన డబ్బు ఇంకో తేదీకి మార్చమని నిర్వాహకుల్ని ఇప్పుడే అడగండి. మీ ఉత్తరంలో కాలర్ బోన్ కంటే ఆ బొటనవేలి సలుపే మాకు ఎక్కువ కంగారు పెట్టింది, ముందు దాని సంగతి చూద్దాం.

ఎడమ చేతి బొటనవేలిని బాగా వెనక్కి చాచి నిలబెట్టండి. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు నరాల్లాంటి తాళ్లు పైకి తేలతాయి. వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. నశ్యం పీల్చేవాళ్లు చిటికెడు పోసుకునేది అక్కడే. కుడి చేతి చూపుడువేలి కొనతో ఆ గుంటలో నొక్కండి. తర్వాత రెండో చేతికీ అలాగే నొక్కి చూడండి. కుడివైపు ఏమీ లేకుండా ఎడమవైపు నొక్కగానే చెయ్యి వెనక్కి లాక్కునేంత నొప్పి ఉంటే, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. బొటనవేలిని దాని పొడవునా మణికట్టు వైపు తోసినా నొప్పి వస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. నొప్పి లేకపోయినంత మాత్రాన ఏమీ లేదని మీరే తేల్చుకోకండి. మూడు వారాలైనా సలుపు పోలేదంటే డాక్టరు చూడాల్సిందే.

స్కాఫాయిడ్ విరుగు మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే. సన్నటి చీలిక అంచుల్లో ఎముక కొంచెం కరిగాక, అంటే 10 నుంచి 14 రోజుల తర్వాత తీస్తే గీత తేలుతుంది. మీకు ఆ గడువు దాటింది కాబట్టి ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి, 'స్కాఫాయిడ్ వ్యూస్' (ఆ ఎముక కనిపించేలా వేరే కోణాల్లో తీసే ఎక్స్‌రేలు) కావాలని పేరు పెట్టి అడగండి. మామూలు మణికట్టు ఎక్స్‌రే చాలదు. అందులోనూ కనిపించక, గుంటలో నొప్పి మాత్రం అలాగే ఉంటే ఎమ్మారై తీయించాలి. విజయనగరంలో కుదరకపోతే విశాఖ వెళ్లండి, వాయిదా మాత్రం వేయకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ఎక్కి వెనక్కి, ముంజేతి వైపు పారుతుంది. నడుమ విరిగితే వెనక ముక్కకి రక్తం తగ్గిపోతుంది. కట్టు వేయకుండా వాడుతూ పోతే అతుక్కోదు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది కూడా. కొన్నేళ్లకి మణికట్టు అరిగి, క్లచ్ లీవరు నొక్కడం అటుంచి బకెట్ ఎత్తడమే కష్టమవుతుంది. సకాలంలో పట్టుకుంటే 8 నుంచి 12 వారాల సిమెంటు కట్టుతోనో, చిన్న స్క్రూతోనో చాలావరకు బాగుపడుతుంది. చూపించుకునేదాకా ఆ చేత్తో బరువు ఎత్తొద్దు, ఏ బండీ నడపొద్దు.

ఇక కాలర్ బోన్. పెద్దవాళ్లలో ఇది అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. నొప్పి మాత్రం చాలామందికి మూడో వారానికే బాగా తగ్గుతుంది, ఎందుకంటే ముక్కల చుట్టూ మెత్తటి కణజాలం పట్టి కదలిక తగ్గుతుంది. అది ఇంకా ఎముకగా గట్టిపడలేదు. నొప్పి పోయిందని బండెక్కి మళ్లీ విరగ్గొట్టుకునేది ఈ దశలోనే. ఆర్‌సీ 390 లాంటి బండి మీద గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు ఒంటి బరువంతా చేతుల్లోంచి హ్యాండిల్ మీద పడుతుంది. ఆ బరువు మోసే దారిలో కాలర్ బోన్ ఉంది.

వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదపడం మొదటి రోజు నుంచే చేయాలి. మీరు మణికట్టు సంగతి తేలేదాకా దాన్ని వదిలి మిగతావి చేయండి. డాక్టరు సరేనంటే ముందుకి వంగి, చెయ్యి వేలాడదీసి చిన్న వలయాలు తిప్పండి: పూటకి అయిదు నిమిషాలు, రోజుకి మూడు పూటలు. ఆరు వారాల ఎక్స్‌రే వచ్చేదాకా చెయ్యి భుజం ఎత్తు దాటించొద్దు. ట్రాక్ మీదికి తిరిగి వెళ్లడానికి మేం చూసే గుర్తులు ఇవి: ఎక్స్‌రేలో విరుగు మీదుగా ఎముక వంతెన కట్టి కనిపించాలి, నొప్పి మాత్ర వేసుకోని రోజున రెండు చేతులూ తల మీదికి సమానంగా లేవాలి, నేల మీద దండీలు వరసగా పది తీసినా నొప్పి రాకూడదు. మీలాంటి విరుగుకి ఇవన్నీ కుదిరేసరికి మూడు నాలుగు నెలలు పట్టడం సహజం. ఈలోగా సిగరెట్ అలవాటుంటే పూర్తిగా ఆపండి, అది ఎముక అతకడాన్ని బాగా వెనక్కి లాగుతుంది.

అమ్మగారికి చెప్పండి: కాలర్ బోన్‌ని వెదురుబద్దలు పెట్టి బిగించడానికి వీలుండదు. చేతికీ కాలికీ బిగించి కట్టిన కట్టు లోపల వాపు పెరిగితే కండరానికి రక్తం ఆగిపోతుంది. కట్టు ఏదైనా సరే, ఆసుపత్రిలో వేసినదైనా సరే, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లని మెల్లగా చాస్తేనే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా గంటలు లెక్కపెట్టకుండా వెంటనే విప్పించాలి.

ప్రశ్న: మా తమ్ముడు ట్రాక్ మీద పడి మోచెయ్యి, పిర్ర బాగా దోక్కుపోయాయి. రైడింగ్ సూటు వేసుకున్నా లోపల చర్మం కాలినట్టు ఊడింది. ఇరుగుపొరుగు పప్పు, గుడ్డు, వంకాయ పెట్టొద్దు, చీము పడుతుందంటున్నారు. పసుపు గుండ, కాఫీ గుండ అద్దమంటున్నారు.
– ఒక అక్క, ఆమదాలవలస

జవాబు: గుండలు ఏవీ అద్దకండి. పుండులో ఇరుక్కుని, రేపు కడిగేటప్పుడు కొత్త చర్మంతో సహా ఊడతాయి. కుళాయి నీళ్లు ధారగా పది నిమిషాలు పోసి, కట్టు కట్టే మెత్తటి పలచటి గుడ్డతో (గాజ్) ఇసుక నలుసులు తీసేయాలి. లోపల ఉండిపోయిన నలుసు చర్మం కింద నల్లటి మచ్చగా మిగిలిపోతుంది. లోతుగా దిగినవి ఉంటే మత్తు ఇచ్చి తీసే పని డాక్టరుకే వదలండి. తర్వాత పలచగా వాసెలిన్ రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి, రోజూ లేదా రెండు రోజులకోసారి మార్చండి. గాలికి ఎండబెడితే పక్కు గట్టిగా కట్టి, మోచెయ్యి వంచినప్పుడల్లా పగులుతుంది. తడిగా మూసి ఉంచిన పుండు త్వరగా మానుతుంది. సూటు లోపల ఊడింది రాపిడి వేడికి కాలిన గాయం. తెల్లగా, స్పర్శ లేకుండా ఉన్న చోటు ఉంటే అది లోతైనది, డాక్టరు చూడాలి. చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆగొద్దు. చివరి టీటీ ఇంజెక్షన్ తీసుకుని అయిదేళ్లు దాటితే మట్టి గాయానికి మళ్లీ ఒకటి వేయించాలి.

తిండి విషయంలో ఆ పథ్యం అతనికి అపకారం. చర్మం, ఎముక కట్టుకోవడానికి కావాల్సింది మాంసకృత్తులే. 70 కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకి 85 నుంచి 105 గ్రాములు కావాలి. గుడ్డుకి 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 20 వరకు, 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22. రెండు పూటలా పప్పు, రెండు మూడు గుడ్లు, ఒక పూట చేపో మాంసమో, పెరుగు ఉంటే లెక్క సరిపోతుంది. చేప తినని ఇంట్లో మీల్‌మేకర్ వాడండి. పొద్దున్న చోడి అంబలి తప్పకుండా ఇవ్వండి: 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఎముక విరిగినవాళ్లకి అంతకంటే చవకైన మందు లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే మాంసకృత్తులు పెంచాలి.

ప్రశ్న: పడినప్పుడు తల నేలకి తగిలింది. ఆరోజు మధ్యాహ్నం సంగతులు గుర్తులేవు. సీటీ స్కాన్ మామూలుగానే ఉంది. రెండు వారాలైనా కంప్యూటర్ ముందు కూర్చుంటే తలనొప్పి, చిరాకు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: సీటీ చూసేది రక్తస్రావాన్నీ పుర్రె విరుగునీ. మెదడు అదురు, అంటే కంకషన్, అందులో కనిపించదు. మీకున్నవి దాని లక్షణాలే. పెద్దవాళ్లలో చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మీకు సర్దుకోలేదు కాబట్టి న్యూరాలజిస్టుకి చూపించండి. మొదటి ఒకటి రెండు రోజుల విశ్రాంతి దాటాక చీకటి గదిలో పడుకునే ఉండక్కర్లేదు. నాగావళి గట్టున పావుగంట నడక, అది పడితే అరగంట, ఆపైన చెమట పట్టే వ్యాయామం. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు ఇచ్చి, తలనొప్పి బాగా పెరిగితే కింది మెట్టుకి రండి. మద్యం పూర్తిగా మానండి. లక్షణాలన్నీ పోయి, మామూలు పని పూర్తిగా చేసుకోగలిగి, డాక్టరు ఒప్పుకునేదాకా ట్రాక్ ఊసెత్తొద్దు. మానకముందే తలకి తగిలే రెండో దెబ్బ, చిన్నదైనా, చాలా ప్రమాదం. తలనొప్పి గంటగంటకీ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవనంత మత్తు, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

ప్రశ్న: హెల్మెట్ మీద చిన్న గీత మాత్రమే పడింది, పన్నెండు వేలు పెట్టి కొన్నది. వాడొచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొండ

జవాబు: తల లోపల ఉండగా నేలకి కొట్టుకుంటే వాడకూడదు. దెబ్బని మింగేది పైపెంకు లోపలున్న థర్మోకోల్ పొర. ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు, ఆ నలుగుడు బట్ట కింద ఉండి కంటికి కనిపించదు. పట్టీ కోసి పారేయండి, లేకపోతే ఇంకెవరో పెట్టుకుంటారు.

ప్రశ్న: నా యమహా ఆర్15 బండి కుడివైపు పడి గులకరాళ్లలోకి జారింది. హ్యాండిల్ పక్కకి తిరిగింది. ఇక్కడి మెకానిక్ వేడి చేసి వంచేస్తానంటున్నాడు. ఫ్రేము వంగిందో లేదో ఇంటి దగ్గర తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వేడి చేయనివ్వకండి, దేన్నీ వంచనివ్వకండి. చాలావరకు తెలుసుకోవచ్చు, కానీ వరస తప్పకూడదు.

అన్నిటికంటే ముందు, స్టార్ట్ చేయకండి. బండి పక్కకి పడి ఉన్నప్పుడు ఇంజనాయిల్ గొట్టం దారిన ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి, అక్కణ్నుంచి సిలిండర్లోకి చేరొచ్చు. ఆయిల్ నొక్కితే అణగదు, ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ మట్టం చూడండి. ఫిల్టర్ పెట్టె విప్పి ఆయిల్, ఇసుక తుడవండి. స్పార్క్ ప్లగ్ తీసి, కాయిల్ కనెక్టర్ ఊడదీసి, ప్లగ్ రంధ్రం మీద గుడ్డ వేసి రెండు సెకన్లు సెల్ఫ్ తిప్పండి. గుడ్డకి ఆయిల్ అంటకపోతే ఆ భయం తీరినట్టే. చెన్నై నుంచి బండి రైలు పార్సిల్‌లో వచ్చి ఉంటే ట్యాంకులో పెట్రోలు తీసేసే ఉంటారు, కొత్తది పోసేముందు మూతి దగ్గర ఇసుక చూడండి. కుడివైపు పడింది కాబట్టి క్లచ్ కవర్ కింది అంచు వేలితో తడమండి. అరిగి పలచబడితే కవర్ మార్చాలి. ఎం-సీల్ పెట్టి ఇంటిదాకా రావచ్చు గానీ ట్రాక్ ఎక్కకూడదు: ట్రాక్ మీద కారిన ఆయిల్ వెనకొచ్చేవాణ్ని పడేస్తుంది.

హ్యాండిల్ తిరిగినంత మాత్రాన ఏదో వంగిందనుకోకండి. చాలాసార్లు రెండు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు), వాటిని బిగించే క్లాంపుల్లో ఒకదానికొకటి మెలిపడి ఉంటాయి. ప్యాడాక్ స్టాండ్ (చక్రం నేల నుంచి లేచేలా బండిని నిలబెట్టే స్టాండ్) మీద పెట్టి, యాక్సిల్ నట్టు, దాని బిగింపు బోల్టు, కింది క్లాంప్ బోల్టులు వదులు చేయండి. ముందు నిలబడి చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్‌ని నెమ్మదిగా సరిచేయండి. స్టాండ్ దించి ఫోర్కుని నాలుగైదుసార్లు అణచండి, సర్దుకుంటుంది. తర్వాత యాక్సిల్, బిగింపు బోల్టు, క్లాంప్ బోల్టులు ఆ వరసలో, సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కి టార్క్ రెంచీతోనే బిగించండి. మళ్లీ పక్కకే పోతుంటే ఫోర్కు గొట్టమో క్లాంపో వంగింది. గొట్టం విప్పించి మందపాటి గాజు పలక మీద దొర్లిస్తే కింద వెలుతురు కనిపించి మాయమవుతుంది. వంగిన గొట్టాన్ని మార్చాలే తప్ప తిన్నగా చేయించకూడదు. తిన్నగా చేసిన చోటే తర్వాతి బ్రేక్‌కి పగలొచ్చు. అల్యూమినియం హ్యాండిల్, లీవర్, ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ అన్నిటికీ ఇదే మాట.

ఫ్రేము కోసం మెడ దగ్గర చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఆగేచోట ఫ్రేముకి చిన్న దిమ్మె ఉంటుంది. అది నలిగినా విరిగినా దెబ్బ మెడదాకా వెళ్లిందని అర్థం. వెల్డింగ్ వెంట రంగు సన్నగా చిట్లి లేచిందేమో టార్చి పక్కవాటుగా వేసి చూడండి. తర్వాత దారం పరీక్ష: వెనక టైరు చుట్టూ, మధ్యలో ఏదీ అడ్డు తగలని ఎత్తున, దారం కట్టి రెండు కొసలూ ముందు చక్రం దాకా బిగువుగా లాగండి. వెనక టైరు ముందు అంచునీ వెనక అంచునీ దారం తాకుతూ ఉండగా, ముందు టైరుకీ దారానికీ మధ్య సందు రెండువైపులా సమానంగా రావాలి. తేడా వస్తే చెయిన్ అడ్జస్టర్లు సమానంగా ఉన్నాయో చూసి మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా ఉంటే ఫ్రేము జిగ్ (ఫ్రేముని బిగించి కొలిచే చట్రం) మీద కొలిచే చోటికి తీసుకెళ్లాల్సిందే.

చక్రం చూడ్డానికి ఫోర్కుకి ఒక కేబుల్ టై కట్టి, కొస రిమ్ముకి ఆనీ ఆననట్టు ఉంచి తిప్పండి. సందు సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన పరిమితికి మించి మారితే రిమ్ము పోయినట్టే. అదే పని డిస్కు మీద చేయండి, అక్కడ అరమిల్లీమీటరు కూడా ఎక్కువే. ఏబీఎస్ సెన్సర్ దగ్గర గులకరాయి ఇరుక్కుందేమో, బ్రేకు గొట్టం మడత పడిందేమో చూడండి. ముందు చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ని చివరినుంచి చివరికి తిప్పితే మధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టుంటే స్టీరింగ్ బేరింగులు దెబ్బతిన్నాయి. ఆఖరుగా, హ్యాండిల్‌ని ఎటు పూర్తిగా తిప్పినా యాక్సిలరేటర్ వదలగానే టక్కున వెనక్కి రావాలి. కుడివైపు పడిన బండికి గ్రిప్పు లోపలికి దిగి, గొట్టం స్విచ్చుల పెట్టెకి రాసుకుంటుంది. మలుపులో యాక్సిలరేటర్ పట్టేస్తే ఇంత రిపేరూ దండగ.

ప్రశ్న: ఇన్సూరెన్స్ వస్తుందా? రోడ్డు మీద పడ్డానని చెప్పమంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: అలా చెప్పకండి. ఆసుపత్రి కాగితాల్లో ట్రాక్ పేరు ఉంటుంది, అబద్ధం బయటపడితే క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా పోతుంది. బండి పాలసీలో 'వాడకం పరిమితులు' అన్నచోట వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షలు వర్తించవని రాసి ఉంటుంది; ట్రాక్ డే పోటీ కాదన్నా బండి నష్టానికి డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆరోగ్య బీమా వేరు. అందులో సాహస క్రీడల మినహాయింపు మామూలుగా వృత్తిగా పాల్గొనేవాళ్లకి అని ఉంటుంది. మీరు సరదాకి వెళ్లినవాళ్లయితే ఆసుపత్రి ఖర్చుకి నిజం రాసి క్లెయిమ్ పెట్టండి.

ప్రశ్న: ఒళ్లు బాగుంది, బండి బాగుంది. కానీ పడిన మలుపు తలచుకుంటే చేతులు బిగుసుకుంటున్నాయి.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఎందుకు పడ్డారో తేలిందా? తేలకపోతే ఆ భయం సబబే, దాన్ని అదిమేయకండి. వీడియో ఉంటే నెమ్మదిగా నడిపి చూడండి. బయటికి వచ్చిన మొదటి రౌండులోనే జారితే టైరు చల్లగా ఉంది. బండిని వాల్చుతూనే బ్రేకు ఇంకా ఇంకా పిండితే ముందు టైరు పట్టుకి మించి అడిగారు: వాలు పెరిగేకొద్దీ లీవరు వదులుతూ రావాలి. వెనక చక్రం జారి, వెంటనే యాక్సిలరేటర్ మూసేస్తే, పట్టు ఒక్కసారి తిరిగొచ్చి బండి మనిషిని పైకి ఎగరేస్తుంది. సాయంత్రం ఆఖరి సెషన్లో పడితే అలసట.

తిరిగి వెళ్లినప్పుడు ఒక మెట్టు నెమ్మది గ్రూపులో పేరు ఇవ్వండి. మొదటి రెండు సెషన్లు ఆ మలుపుకి మునుపటికంటే బాగా ముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకు పని ముగించేయండి. చేతులు బిగుసుకుంటే ముందు చక్రం తనంతట తాను సర్దుకోలేదు, కాబట్టి ట్యాంకుని మోకాళ్లతో పట్టి, మోచేతులు వంచి, వేళ్లు ఒకసారి ఆడించి మలుపులోకి దిగండి. ప్రతి సెషన్ ముందూ, దిగగానే వేడి మీదా టైరు గాలి కొలిచి రాసుకోండి. కొత్త టైరు వేసి ఉంటే మొదటి సెషన్ దాన్ని గరుకు చేయడానికే.

ప్రశ్న: లెదర్ సూటు మోచెయ్యి దగ్గర కుట్టు విడింది. ఊళ్లో చెప్పులు కుట్టేచోట కుట్టించొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తోలు చిరగకుండా కుట్టు మాత్రమే విడితే కుట్టించొచ్చు, నూలు దారంతో మాత్రం కాదు. బాండెడ్ నైలాన్ దారం మీరే కొనిచ్చి, పాత రంధ్రాల్లోంచే రెండు వరసలు వేయమనండి. కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు ఆ గీత వెంట చిరుగుతుంది. తోలే పలచబడి ఉంటే లోపలినుంచి మోచెయ్యంత ముక్క వేయాలి. కుట్టించే ముందు లోపలి ఆర్మర్ (దెబ్బ ఆపే దిండు) బయటికి తీసి వంచి చూడండి. బీట కనిపించినా, నొక్కిన చోట గుంట నిలిచిపోయినా రెండు మోచేతులకీ కొత్తవి వేయండి.